వాచ్ ఆరున్నర గంటలంటది, అమ్మ కన్నంటలేదంటది

పోయిన ఎండాకాలం మా ఇంట్ల చిన్న మాట పట్టింపు అయింది. మాది బల్లార్షా. మే నెల ఇక్కడ ఎట్ల ఉంటదో చంద్రాపూర్ జిల్లా వాళ్లకు చెప్పే పని లేదు, రాత్రి పదకొండైనా గోడలు సెగ కక్కుతనే ఉంటయి, కూలర్ల ఎన్ని నీళ్లు పోసినా తడిగాలి కొడతది తప్ప చల్లదనం రాదు. పొద్దున అమ్మ చాయ్ తాగుకుంట "రాత్రంతా కన్నంటలేదు బిడ్డా" అన్నది. ఆ రాత్రే మా మేనకోడలు తన స్మార్ట్ వాచ్ అమ్మమ్మ చేతికి కట్టి పడుకోబెట్టింది. యాప్ తెరిస్తే 6 గంటల 34 నిమిషాలు. పిల్ల నవ్వుకుంట "అమ్మమ్మా, నువ్వు మంచిగనే పడుకున్నవ్" అన్నది, అమ్మ ఏం అనలే గానీ తన మాట ఎవ్వరు నమ్ముతలేరని ఆ రోజంతా మూగగ ఉన్నది.

మా బావది ఉల్టా లెక్క. ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల డంపర్ నడుపుతడు, వారానికోసారి షిఫ్ట్ మారుతది. నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకుని లేచి "ఆరు గంటలు పడుకున్న" అంటడు, వాచ్ 4 గంటల 10 నిమిషాలంటది. అంటే ఒకే కుటుంబంల ఒకరు వాచ్ కంటే తక్కువ చెప్తున్నరు, ఒకరు వాచ్ కంటే ఎక్కువ చెప్తున్నరు, ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడే మనుషులు కారు. ఇదెట్ల అయితదో కుదురుగ చూద్దామని కూసున్న, చూస్తే ఇది ఒక్క ముడి కాదు, నాలుగైదు ముళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి.

"పడుకున్న" అంటే ఒరిగిన్నా, నిద్రపోయిన్నా?

మొదటి ముడి మన భాషలోనే ఉన్నది. "ఎన్ని గంటలు పడుకున్నవ్?" అంటే మంచం మీద ఒరిగిన టైం చెప్పాల్నా, నిద్రపట్టిన టైం చెప్పాల్నా? తెలుగుల పడుకోవడం రెండింటికీ నడుస్తది, ఇక్కడి మరాఠీ వాళ్లు ఝోపలో అన్నా అంతే. నిద్ర డాక్టర్లు మాత్రం వీటిని విడివిడిగ రాసుకుంటరు.

ఒక రాత్రి తీసుకుందాం. మనిషి 10:30కు మంచమెక్కిండు, 11కు నిద్రపట్టింది, నడుమ రెండుసార్లు మెలకువొచ్చి ఒకసారి 20 నిమిషాలు, ఒకసారి 25 నిమిషాలు దొర్లిండు, 5:30కు లేచిండు. మంచం మీద ఉన్నది 7 గంటలు, అంటే 420 నిమిషాలు. నిద్రపట్టింది మొదలు లేచేదాక 390 నిమిషాలు, అందులకెళ్లి మెలకువ 45 తీసేస్తే అసలు నిద్ర 345 నిమిషాలు, 5 గంటల 45 నిమిషాలు. 345ని 420తో భాగిస్తే 82 శాతం, దీన్నే నిద్ర సామర్థ్యం అంటరు, 85 శాతం దాటితే బాగున్నట్టు లెక్క. ఇప్పుడు ఈ మనిషిని అడిగితే "ఏడు గంటలు" అంటడు, అది తప్పు కాదు, ఆయన మంచం లెక్క చెప్తున్నడు. వాచ్ నిద్ర లెక్క చెప్పే ప్రయత్నం చేస్తది. గంటంబావు తేడా ఇక్కడ్నే వచ్చేసింది, ఇంకా ఎవరి తప్పూ మొదలే కాలే.

మనిషి జ్ఞాపకం ఎక్కడ జారుతది

నిద్రపోయే క్షణాన్ని గడియారం చూసి రాసుకునే మనిషి ఉండడు, ఎందుకంటే రాసుకునేవాడే నిద్రపోతున్నడు. నిద్ర అంచున ఉన్న కొన్ని నిమిషాలు జ్ఞాపకంల నిలవయి, రాత్రి నడుమ ఒకటి రెండు నిమిషాల మెలకువలు పొద్దుటికి గుర్తే ఉండయి. మిగిలిన దాన్ని మనం రౌండ్ లెక్కలకు తెచ్చుకుంటం, ఆరు, ఏడు, ఎనిమిది, మహా అయితే ఆరున్నర. 6 గంటల 17 నిమిషాలు నిద్రపోయిన అనేటోళ్లను నేనైతే చూడలే.

దీని మీద బాగా తెలిసిన పని ఒకటి చికాగోలో జరిగింది, 2008లో అచ్చయింది. 669 మంది నడివయసు వాళ్లకు చేతికి కదలికలు కొలిచే పట్టీ కట్టి కొలిస్తే సగటు నిద్ర 6 గంటలు, వాళ్ల నోటితో చెప్పింది సగటు 6.8 గంటలు. ముప్పావు గంటకు పైగ తేడా. అంతకన్నా ముఖ్యమైన సంగతేందంటే ఈ తేడా అందరికీ ఒక్క తీరుగ లేదు, ఏడు గంటల దాక నిద్రపోయేటోళ్లు కొంచెమే పెంచి చెప్పిర్రు, ఐదు గంటలే పోయేటోళ్లు గంట మీద పెంచి చెప్పిర్రు. అంటే ఎవరికి నిద్ర కరువో వాళ్ల లెక్కే ఎక్కువ తప్పింది. బావ సంగతి ఇదే అనిపించింది నాకు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే చెన్నై ఉన్నది. 2021లో అచ్చయిన ఆర్థికవేత్తల పనిలో తక్కువ ఆదాయం ఉన్న 452 మందికి ఇట్లాంటి పట్టీలే కట్టిర్రు, రాత్రికి మంచం మీద ఉన్నది దాదాపు 8 గంటలు, నిద్ర సగటున 5 గంటల 30 నిమిషాలు. వేడి, దోమలు, చప్పుడు, ఇరుకు ఇల్లు. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు మా కాలనీ క్వార్టర్లు కళ్ల ముందుకొచ్చినయి. ఇంకో మాట కూడా అందులనే ఉన్నది, వాళ్లకు రాత్రి నిద్ర దాదాపు అరగంట పెంచితే పనిలో, సంపాదనలో ఏం మారలే, కానీ మధ్యాహ్నం పనికాడ చిన్న కునుకు తీసే వీలు ఇస్తే పని మెరుగైంది. నిద్రను ఒక్క అంకెతో కొలవొద్దు అనేదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలే.

వాచ్ నిద్రను చూడదు, చేతిని చూస్తది

వాచ్ లోపల రెండు సాధనాలుంటయి. ఒకటి కదలికను పట్టే చిప్, యాక్సిలరోమీటర్. చెయ్యి చాలాసేపు కదలకుంటే నిద్ర, కదిలితే మెలకువ, మూలసూత్రం ఇంతే. 1970ల నుంచి పరిశోధకులు వాడుతున్నది ఇదే. రెండోది వాచ్ అడుగున మెరిసే పచ్చ లైటు. రక్తం పచ్చ వెలుతురును పీల్చుకుంటది కాబట్టి గుండె కొట్టిన ప్రతిసారీ తిరిగొచ్చే వెలుతురు కొంచెం మారుతది, దాన్ని బట్టి నాడి లెక్క. గాఢనిద్రలో నాడి నెమ్మదిగ, ఒక్క తీరుగ కొట్టుకుంటది, కలలొచ్చే నిద్రలో ఎగుడుదిగుడుగ ఉంటది, ఆ తేడా పట్టుకుని యాప్ ఇది గాఢం, ఇది తేలిక, ఇది రెమ్ (కలల నిద్ర) అని రంగులేస్తది.

అసలు నిద్ర జరిగేది మెదడులో. దాన్ని కొలిచే పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ, తలకు, కండ్ల పక్కన, గదుమకు వైర్లు అంటించి రాత్రంతా రికార్డు చేస్తరు. ఆ రికార్డును 30 సెకన్ల ముక్కలుగ కోసి ఒక్కో ముక్కకు పేరు పెడతరు. 30 సెకన్లే ఎందుకంటే అప్పట్ల ఇది కాగితం మీద గీసేది, సెకనుకు 10 మిల్లీమీటర్ల చొప్పున కాగితం జరిగితే 30 సెంటీమీటర్ల పేజీ ఒకటి నిండడానికి 30 సెకన్లు పడుతది. కాగితం మిల్లు ఊర్ల పుట్టినోణ్ని, ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మస్తు సంతోషం అనిపించింది.

వాచ్‌కు మెదడు తెల్వదు. చెయ్యి, నాడి చూసి మెదడు ఏం చేస్తుందో ఊహిస్తది.

ఒకే వాచ్ ఒకరికి నిజం, ఒకరికి తప్పు: లెక్కేసి చూద్దాం

వాచ్ పెట్టెల మీద "90 శాతం కరెక్ట్" లాంటి మాటలు చూసి జనం మోసపోయేది ఇక్కడ్నే, అందుకే దీన్ని నిమ్మళంగ చూద్దాం.

ప్రశ్నలు రెండున్నయి. నిజంగ నిద్రలో ఉన్న నిమిషాలను వాచ్ ఎంత శాతం నిద్ర అని పట్టింది? నిజంగ మెలకువ ఉన్న నిమిషాలను ఎంత శాతం మెలకువ అని పట్టింది? అమెరికాలో ఏడు రకాల నిద్ర సాధనాలను పాలీసోమ్నోగ్రఫీ పక్కన పెట్టి చూసిన పని 2021లో వచ్చింది, 34 మంది ఆరోగ్యంగ ఉన్న యువకుల మీద. మొదటి ప్రశ్నకు అన్ని సాధనాలూ 93 శాతం, ఆపైన. రెండో ప్రశ్నకు 18 శాతం నుంచి 54 శాతం. అంటే నిద్రను బాగ పడుతున్నయి, మెలకువను మాత్రం మహా అయితే సగానికి కొంచెం పైగనే పడుతున్నయి.

ఇప్పుడు ఉదాహరణ కోసం నిద్రను 95 శాతం, మెలకువను 40 శాతం పట్టే వాచ్ ఒకటి అనుకుందాం. ఇద్దరు మనుషులు, ఇద్దరూ మంచం మీద 8 గంటలు, 480 నిమిషాలు.

మొదటాయనకు నిద్ర మంచిగ పడతది. అసలు నిద్ర 440 నిమిషాలు, మెలకువ 40. వాచ్ ఆ 440లో 95 శాతం, అంటే 418 నిద్ర అంటది. మెలకువ 40లో 60 శాతం, అంటే 24 నిమిషాలను కూడా నిద్రలోనే వేసేస్తది. మొత్తం 442. అసలు 440, వాచ్ 442. రెండు నిమిషాల తేడా, అద్భుతం అనిపిస్తది.

రెండో మనిషికి నిద్ర పట్టదు. అసలు నిద్ర 300 నిమిషాలు, మెలకువ 180, ఆ మూడు గంటలు కదలకుంట చీకట్ల కళ్లు మూసుకుని పండుకుని ఉంటది. వాచ్ 300లో 285ని నిద్ర అంటది, 180లో 108ని కూడా నిద్ర అంటది. మొత్తం 393. అసలు నిద్ర 5 గంటలు, వాచ్ చూపెట్టేది 6 గంటల 33 నిమిషాలు.

అదే వాచ్. ఏం పాడు కాలే, బ్యాటరీ తగ్గలే. మంచిగ నిద్రపోయేటాయనకు రెండు నిమిషాలే తప్పింది, నిద్రపట్టని మనిషికి గంటన్నర పెంచి చెప్పింది. మా అమ్మ ఆ రెండో మనిషి. పక్కనున్నోళ్ల నిద్ర చెడగొట్టొద్దని అటు నుంచి ఇటు కూడా దొర్లకుంట పండుకునే అలవాటు ఆమెది, ఇంకా చెయ్యి కదలకుంటే వాచ్‌కు ఏం తెలుస్తది.

గాఢనిద్ర, రెమ్ నిమిషాల మాట చెప్పాలంటే అవి ఇంకా బలహీనమైన ఊహలు. "గాఢనిద్ర 48 నిమిషాలే వచ్చింది" అని బుగులు పడేటోళ్లను చూసి నాకు బాధ అనిపిస్తది, ఎందుకంటే వైర్లు పెట్టి తీసిన రికార్డునే ఇద్దరు నిపుణులు చదివితే దశల పేర్ల మీద వాళ్లకు కుదిరేది సుమారు 80 శాతమే. పైగ ల్యాబ్‌లో మొదటి రాత్రి కొత్త జాగ కాబట్టి ఎవరికైనా నిద్ర మామూలుగ పట్టదు. మనం నిజం అనుకునే కొలబద్దకే ఇంత వెసులుబాటు ఉంటే ముంజేతి మీది పచ్చలైటు నిమిషాల లెక్కన చెప్పేదాన్ని ఎంతవరకు పట్టించుకోవాలె.

"కన్నంటలేదు" అన్న మాటల ఎంత నిజం

అట్లని అమ్మ మాట అక్షరాల కరెక్టా అంటే అదీ కాదు. రాత్రంతా నిద్రలేదు అనేటోళ్లను ల్యాబ్‌లో చూస్తే చాలామందికి కొన్ని గంటల నిద్ర కనిపిస్తది. తేలిక నిద్రల ఉన్న మనిషిని లేపి అడిగితే "నేను నిద్రపోలే, ఆలోచిస్తున్న" అనడం మామూలే. నిద్రలేమి ఉన్నోళ్లు సాధారణంగ తమ నిద్రను తక్కువగ అంచనా వేస్తరని చాలా పరిశోధనల తేలింది. అందరూ పెంచి చెప్తరు అన్న చికాగో మాటకు ఇది ఎదురు అనిపిస్తది గానీ కాదు, అక్కడ లెక్క తీసింది ఊర్ల మామూలు జనానిది, ఇక్కడ నిద్రపట్టక సతమతమయ్యేటోళ్లది.

ఇక్కడ పరిశోధకుల్లో రెండు చూపులున్నయి. ఒక పక్షం దీన్ని నిద్రను తప్పుగ గ్రహించడం అంటది, అంటే మెదడు నిద్రపోయింది, మనిషికే తెల్వలే. ఇంకో పక్షం ఆగండి అంటది, వీళ్లలో కొంతమందికి నిద్ర రికార్డులో నెమ్మది అలలతో పాటు మెలకువలో ఉండే వేగం అలలు కూడా ఎక్కువగ కనిపిస్తయి, 30 సెకన్ల ముక్కకు నిద్ర అని ఒక్కటే పేరు పెట్టే పద్ధతిల అది దాగిపోతది, అంటే మనిషి చెప్పేది తప్పు కాదు, మన కొలతే మొరటుది. నాకు రెండో పక్షం మాటే దగ్గరగ అనిపిస్తది, గానీ మొదటి పక్షం వాళ్ల దగ్గర కూడా సాక్ష్యం బలంగనే ఉన్నది.

డాక్టర్లు ఏం చేస్తరంటే, నిద్రలేమి అని తేల్చడానికి మనిషి చెప్పిందే ఆధారం. వారంల మూడు రాత్రులు, మూడు నెలలు, పగటి పనికి ఇబ్బంది, ఇవి అడుగుతరు. అందుకు వైర్ల పరీక్ష తప్పనిసరి కాదు, వాచ్ లెక్క కూడా తప్పనిసరి కాదు. బాధ ఎవరిదో సాక్ష్యం వాళ్లదే.

వాచ్ అంకెకు ఇంకో గుణం ఉన్నది, అది చూసిన మనిషిని మారుస్తది. 2014లో అమెరికాలో విద్యార్థులకు ఒక ఉత్తుత్తి కొలత చూపెట్టి కొంతమందికి నీ రెమ్ నిద్ర 28.7 శాతం, కొంతమందికి 16.2 శాతం అని చెప్పిర్రు. తక్కువ అని విన్నోళ్లు ఆ తర్వాత పెట్టిన లెక్కల పరీక్షలో వెనకబడ్డరు, నిజంగ ఎట్ల నిద్రపోయిర్రు అన్నదానితో పని లేకుంట. 2017లో డాక్టర్లు ఆర్థోసోమ్నియా అని ఒక మాటే పుట్టించిర్రు, నిద్ర స్కోరు బాగుండాలని ఆరాటపడి నిద్ర పాడుచేసుకునే స్థితికి.

షిఫ్ట్ డ్యూటీ వాళ్ల నిద్ర ముక్కలు

ఇక్కడ గనులు, మిల్లులు, థర్మల్ ప్లాంటు, రైల్వే, ఏ ఇంట్ల చూసినా ఒకరు షిఫ్ట్‌ల ఉంటరు. వాళ్ల నిద్ర ఒక్క తునక కాదు. బావ నైట్ దిగి పొద్దున తొమ్మిదికి పడుకుంటడు, పన్నెండున్నరకు పిల్లలు బడి నుంచి వస్తే లేస్తడు, మళ్లా నాలుగింటికి ఒక కునుకు, డ్యూటీకి పోయేముందు ఇంకో కునుకు. ఆయన అన్నీ కలిపి ఆరు అంటడు. కొన్ని వాచ్‌లు చిన్న కునుకును అసలు లెక్కే పట్టయి, కొన్ని దాన్ని వేరే పేజీల పెడతయి, తారీఖు రాత్రి పన్నెండుకు మారుతది కాబట్టి ఒకే డ్యూటీకి సంబంధించిన నిద్ర రెండు రోజుల్ల చీలిపోతది. కాబట్టి బావ ఆరుకు, వాచ్ నాలుగుంబావుకు మధ్య ఉన్న తేడాల కొంత ఆయన పెంచింది, కొంత వాచ్ వదిలేసింది. ఎంతెంతో చెప్పాలంటే కునుకులు విడిగ రాసుకోవాల్సిందే.

వేడి మాట చెప్పకుంటే ఈ జిల్లాకు అన్యాయం చేసినట్టు. 2022లో వచ్చిన పెద్ద పనిలో 68 దేశాల్ల 47 వేలకు పైగ మంది చేతిపట్టీల లెక్కలు తీసిర్రు, రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే సగటున 14 నిమిషాల పైన నిద్ర తగ్గుతది అని తేలింది. ఇట్లాంటిది నోటి లెక్కతో అయ్యే పని కాదు, 14 నిమిషాల తేడా ఎవరికీ గుర్తుండదు, వాచ్ తప్పులు కూడా లక్షల రాత్రుల మీద రోజూ ఒకే తీరు తప్పులు కాబట్టి మార్పు మాత్రం నిలబడతది. ఒక్క రాత్రి అంకెకు, వెయ్యి రాత్రుల మార్పుకు తేడా ఇదే. కాకపోతే ఆ పట్టీలు కొనుక్కునేటోళ్లు ఏసీ పెట్టుకోగలిగేటోళ్లు, రేకుల కింద పండుకునేటోళ్లకు ఆ 14 నిమిషాలు ఎంతయితదో ఊహించుకోవాల్సిందే.

ఏడు గంటల గీత ఏ కొలబద్దతో గీసిర్రు

ఈ మొత్తంల నాకు అన్నిటికంటే అక్కరైంది అనిపించింది ఇది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పెద్దలకు కనీసం 7 గంటలు అని 2015లో అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు చెప్పినయి, చాలా యాప్‌లు అట్లాంటి గీతే గీస్తయి. ఆ గీత వెనకున్న పరిశోధనల్ల చాలా వరకు జనాన్ని "నువ్వు ఎంతసేపు నిద్రపోతవ్?" అని అడిగి రాసుకున్నవి. 2010లో 13 లక్షల 80 వేలకు పైగ మంది లెక్కలను కలిపి చూసిన పని ఒకటుంది, తక్కువ నిద్ర వాళ్లకు చావు ముప్పు 12 శాతం, ఎక్కువ నిద్ర వాళ్లకు 30 శాతం ఎక్కువ అని, అందుల దాదాపు అంతా నోటి లెక్కే.

అంటే గీత నోటి కొలబద్దతో గీసింది, మనం దాని మీద వాచ్ కొలబద్ద పెట్టి చూస్తున్నం. చికాగో లెక్కనే తీసుకుంటే కొలిచిన 6 గంటలు నోటికి 6.8 అయింది. వాచ్‌లో 6 గంటల 10 నిమిషాలు చూసి ఎర్ర రంగు వచ్చిందని గాబరా పడే మనిషి, పాత పరిశోధకుడు వచ్చి అడిగితే "ఏడు" అనేటోడేమో. కిలోల తూకం రాసిన చీటీని పౌండ్ల తరాజుతో సరిచూసినట్టు ఉంటది. అయితే వాచ్ కూడా మెలకువను నిద్రలో కలిపేస్తది కదా, కాబట్టి ఈ సవరణ అందరికీ ఒకే అంకె కాదు.

మూడో సాక్షి

వాచ్ గంటల లెక్క గానీ మనిషి గానీ చెప్పలేనిది ఒకటుంది, నిద్రలో ఊపిరి ఆగడం, స్లీప్ ఆప్నియా. ఊపిరి పది సెకన్లు, అంతకుమించి ఆగడమో బాగ తగ్గడమో గంటకు ఎన్నిసార్లు అని లెక్కిస్తరు, 5 దాటితే మొదలు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. మనిషికి ఇది గుర్తే ఉండదు, పొద్దున తలనొప్పి, పగలు తూగు మాత్రం ఉంటయి. 2024లో శామ్‌సంగ్, ఆపిల్ వాచ్‌లల్ల ఆప్నియా సూచన ఇచ్చే సదుపాయానికి అమెరికాల మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, అది హెచ్చరిక మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఆక్సిజన్ చూసే లైటు గురించి ఒక జాగ్రత్త కూడా ఉన్నది, 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు చూస్తే వేలికి పెట్టే ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్ల ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయినయి. మన చర్మాలకు ఇది పట్టింపు ఉన్న సంగతే.

అమ్మ, బావ లెక్కలు తెంపుదామని నేను కాలనిర్ణయ్ క్యాలెండర్ గళ్లల్ల ఇద్దరివీ రెండు వారాలు రాసిన. అమ్మ ఆ గళ్లు చూసి తనే గుర్తుపట్టింది, కరెంటు పోయిన రాత్రులకు, కన్నంటలేదన్న రాత్రులకు పొత్తు కుదిరింది. బావ గళ్లల్ల ఏం తేడా కనబడలే, ఇంటి నుంచి వచ్చిన మాట వేరే. అక్క ఒకరోజు "మీరు గంటలు లెక్కపెడుతున్నరు గానీ, ఈయన గురక నడుమ ఊపిరి ఆగిపోతది, నేను భుజం తడితే మళ్ల పీలుస్తడు, రెండేండ్ల సంది చూస్తున్న" అన్నది. ఎవ్వరం ఆమెను అడగలే. నాగ్‌పూర్‌ల డాక్టర్ ఇంటికి ఒక చిన్న మిషన్ ఇచ్చి పంపిండు, ముక్కుకు గొట్టం, ఛాతికి పట్టీ, వేలికి క్లిప్. ఆ రాత్రి వాచ్ కూడా చేతికే ఉన్నది, పొద్దున 6 గంటల 12 నిమిషాలు, మంచి నిద్ర అని పచ్చ రంగు చూపెట్టింది. బావ కూడా "మంచిగ పట్టింది" అన్నడు. మిషన్ కాగితం మీద గంటకు 22 సార్లు అని ఉన్నది.